తబస్సుమ్ కొనే శనగలు

కలిదిండి నుంచి చెరువుల వైపు పోయే రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీని ఆనుకుని రెండు గదుల ఆఫీసు ఒకటుంది. రొయ్యల చెరువుల్లో సెన్సార్లు పెట్టి, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోను మోగేలా చేయడం వాళ్ళ పని. పెద్దాఫీసు ఏలూరులో. ఇక్కడ ఉండేది ముగ్గురే: మేనేజరు ఈశ్వరప్రసాద్, పెంటపాడు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న తులసి, కలిదిండిలోనే అక్క ఇంట్లో ఉండే తబస్సుమ్. నెల కిందట ఆ ముగ్గురూ ఇద్దరయ్యారు. సాయంత్రం ఇంటికెళ్తూ తబస్సుమ్ స్కూటీతో సహా గట్టు మీద నుంచి చెరువులోకి జారిపోయింది.

తులసి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కానీ వారం తిరక్కుండానే కన్నీళ్ళు ఆరిపోయి, వాటి అడుగున పాత మంట చెక్కుచెదరకుండా ఉందని తెలిసొచ్చింది. బతికున్న మనిషైతే ఎప్పటికైనా దాటిపోవచ్చు, పోయిన మనిషిని దాటడం ఎలాగ?

ఆ మంట కంటైనర్ల దగ్గర మొదలైంది. కంటైనర్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, కంప్యూటర్లో ఒక్కో ప్రోగ్రాముకి చుట్టూ గట్టు పోసి విడిగా ఉంచడమే. ఒక చెరువు నీళ్ళు పక్క చెరువులో కలవకుండా చూసుకున్నట్టు. ఆ గట్లు పోసే టూల్ బజార్లో తయారుగా దొరుకుతుంది గానీ వీళ్ళ సెన్సార్లకి పనికిరాదు. అందుకని సోర్స్ కోడ్ తెచ్చుకుని, మార్పులు చేసి, ఆఫీసులో ఒక్కో బల్ల మీద ఉన్న విండోస్ డెస్క్‌టాప్ మీదే బిల్డ్ చేసుకోవాలి. కోడంతా కలిసి పనిచేసే టూల్‌గా మారేదాకా తెర మీద అక్షరాలు పరిగెడుతూనే ఉంటాయి. తులసి చేస్తే ఎక్కడో ఒకచోట ఎర్రక్షరాలు పడి ఆగిపోయేది. తబస్సుమ్ చేస్తే ఆగేది కాదు.

ఇద్దరి బల్లలకీ మధ్య ప్లైవుడ్ అడ్డు ఉండేది. తబస్సుమ్ రోజూ వేయించిన శనగల పొట్లం ఒకటి తెచ్చి, బల్ల మీద గోడవైపు మూలన పెట్టుకునేది. బిల్డ్ నడుస్తున్నంతసేపూ అడ్డుకి అవతల్నుంచి ఒకటే కరకర. తొందర లేకుండా, ఒక్కొక్క గింజా. ఇవతల తులసి ఎర్రక్షరాలతో కుస్తీ పడుతుంటే ఆ చప్పుడు తనని వెక్కిరిస్తున్నట్టే ఉండేది.

"నాకీ పని రాదే తులసీ, ఒట్టు," అనేది తబస్సుమ్ ఎప్పుడైనా. ఇంత వచ్చి కూడా రాదంటుందే, ఎంత పొగరు అని తులసికి ఒళ్ళు మండేది. చివరి రోజయితే తబస్సుమ్ అడ్డు దాటి వచ్చి నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను మానేస్తున్నానే. ఇక నావల్ల కాదు. నా సీటు నువ్వు తీసుకుంటావా?" అంది. ఇంకో మంచి ఉద్యోగం దొరికి, ఎంగిలి సీటు తనకి దానం చేస్తోందనుకుంది తులసి. "నీ సీటు నాకెందుకు? నువ్వే ఏలుకో," అని మొహం తిప్పేసుకుంది. ఆ సాయంత్రమే స్కూటీ జారింది.

ఇప్పుడు కొత్త సెన్సార్లు వచ్చాయి. పాత టూల్ వాటిని చదవడం లేదు. కొత్తది బిల్డ్ చేసి నడిపించాలి. ఏలూరు వాళ్ళు మర్నాడు పొద్దున్నే వస్తారు, నడిపించినవాళ్ళకే ఇక్కడి బాధ్యత అప్పగిస్తారు. ఆరోజు తుఫాను. మధ్యాహ్నం భోజనాల వేళకే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. ఈశ్వరప్రసాద్ గొడుగు తీసుకుని బయల్దేరాడు.

"తబస్సుమ్ గారుంటే గంటలో అయిపోయేదండీ," అన్నాడు పోతూ పోతూ. "మీరు కూడా కాస్త చూడండి మరి."

మీరు కూడా. ఆ 'కూడా' తులసి గుండెలో ముల్లులా దిగింది.

బిల్డ్ ఎప్పుడూ ఆగకుండా నడిచిన డెస్క్‌టాప్ తబస్సుమ్ బల్ల మీదే ఉంది. నెల తర్వాత మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది తులసి. బిల్డ్ మొదలెట్టింది. అక్షరాలు పరిగెత్తాయి. చివరికంటా వచ్చి, ఎర్రగా ఆగిపోయింది. సరిచేసి మళ్ళీ మొదలెట్టింది. అక్కడే ఆగింది. మళ్ళీ... మళ్ళీ అక్కడే. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. గదిలో తెర వెలుగొక్కటే మిగిలింది. రేకుల మీద వాన హోరు.

ఆ హోరులో ఒక వాసన వచ్చింది. చెరువు ఎండగట్టినప్పుడు అడుగు బురద కొట్టే వాసన. దాని వెనకాలే... వేయించిన శనగల వాసన.

కర్ర్...

తులసి వేళ్ళు ఆగిపోయాయి.

కర్ర్... కర్ర్...

అడ్డుకి అవతల్నుంచి కాదు. పక్కనుంచి. బల్లకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంది. పిల్లి దూరితే గొప్ప. చప్పుడు అందులోంచి వస్తోంది. తొందర లేకుండా, ఒక్కొక్క గింజా.

పై ప్రాణాలు పైనే పోయాయి. లేచి పరిగెత్తాలనుంది. కాళ్ళు కదల్లేదు.

"తబస్సుమ్..." అంది ఎలాగో.

నమలడం ఆగింది. చాలాసేపటికి సందులోంచి గుసగుస వచ్చింది. గుసగుసకి గొంతుండదు. ఆడో మగో కూడా తెలీదు.

"పాత లైబ్రరీ దగ్గరికి పోతోంది... ఆ దారి తీసెయ్..."

తులసి తెర వైపు చూసింది. నిజమే. బిల్డ్, టూల్ వాడుకునే తయారు కోడున్న కొత్త లైబ్రరీని వదిలేసి, ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన పాతదాన్ని పట్టుకుంటోంది. ఇందాకట్నుంచి కళ్ళెదుటే ఉంది. అప్పుడు తులసికి భయం కంటే ముందు కడుపుమంట లేచింది. చచ్చిపోయి కూడా దీనికే ముందు తెలియాలా! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆ దారి తీసేసింది. అక్షరాలు పరిగెత్తాయి... ఎక్కడా ఆగలేదు.

టూల్ తయారైంది. కంటైనర్లు ఒకటొకటిగా లేచాయి. కొత్త సెన్సార్లు మాట్లాడాయి.

"రేపు తీసుకురా..." అంది సందు. "పొట్లం..."

ఆ తర్వాత వాన చప్పుడే మిగిలింది. తులసి హాస్టలుకి ఎలా చేరిందో తనకే తెలీదు.

పొద్దున్న వాన తెరిపిచ్చింది. ఏలూరు వాళ్ళు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. "ఇక నుంచి ఇక్కడి పనంతా తులసి గారి చేతుల్లోనేనండి," అన్నాడు ఈశ్వరప్రసాద్. తబస్సుమ్ పేరు ఒక్కళ్ళు కూడా ఎత్తలేదు. తులసికి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు. వాళ్ళు వెళ్ళాక సెంటర్లోకి పోయి బండి దగ్గర శనగలు కొంది. పోనీ పాపం, గెలిచాక ఒక పొట్లం పడేస్తే పోయేదేముంది అనుకుంది. దాన్ని ఆ మూలనే పెట్టి, ఎవరూ లేకుండా చూసి సందు వైపు వంగింది.

"చూశావా? ఇప్పుడిది నా సీటు," అంది మెల్లగా.

మధ్యాహ్నం తబస్సుమ్ అక్క హమీదా వచ్చింది, చెల్లెలి సామాన్లు తీసుకెళ్దామని. టిఫిన్ డబ్బా, శాలువా సంచిలో సర్దుకుంటూ బల్ల మూలన పొట్లం చూసి ఆగిపోయింది.

"ఈ శనగలు ఎవరికండీ?"

"మీ చెల్లెలి గుర్తుగానండి," అంది తులసి, కొంచెం సిగ్గుపడి. "ఆవిడకి ప్రాణం కదా. రోజూ తినేది."

హమీదా వింతగా చూసింది. "మా తబస్సుమా? శనగలు దానికి పడవండీ. చిన్నప్పుడు నాలుగు గింజలు తింటేనే మూతి వాచిపోయి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఇక ముట్టుకోలేదు."

"మరి... రోజూ కొనేది కదండీ..."

"కొనేదండీ. ఎవరికే అంటే చెప్పేది కాదు. ఆఖరి రోజు మాత్రం, ఇవాళ కావాలనే కొనలేదక్కా, ఏమవుతుందో చూస్తానంది." హమీదా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పిచ్చిపిల్ల. ఆ సాయంత్రమే కదండీ..."

హమీదాని గేటు దాకా సాగనంపి తులసి లోపలికి వచ్చింది. గది నిశ్శబ్దంగా ఉంది. పొట్లం మూలన లేదు. కీబోర్డు పక్కన, తన చేతికి అందేచోట, ఖాళీ కాగితం, ఇంకొకటి తెమ్మన్నట్టు, నాలుగు మడతలు పెట్టి ఉంది. తాకితే తడి.

బయట వాన మళ్ళీ అందుకుంది. సెంటర్లో బండ్లన్నీ ఈపాటికి కట్టేసి ఉంటారు.