పదహారు నంబరు సూది

చేయవలసిన పనులు: వర్ధన్నపేట దారిలో పల్టీ కొట్టిన కారు ఇంజను విప్పించడం. ఠాణాలో ప్రభుదాసుతో మాట్లాడడం. గ్యాసు సిలిండరు ఎప్పుడిచ్చారో మిషన్ దవాఖానలో అడగడం. ఏసమ్మకు అన్నం పెట్టించడం.

అసిస్టెంటు యాకయ్య నోటుబుక్కులోని ఈ నాలుగింటిలో చివరిది అతను సొంతంగా చేర్చుకున్నది. మిగతావి డిటెక్టివ్ సుందర్ రావు చెప్పినవి. మెకానిక్ ప్రభుదాసు భార్య ఏసమ్మ తెల్లవారేసరికే హనుమకొండలోని వాళ్ల ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది.

"మా ఆయన్ను ఉరి తీస్తరంటున్నరు సారూ. సేటు నలుగుట్ల చెంప మీద కొట్టిండు, నిజమే. 'నీ అంతు చూస్త' అని ఈయన అన్నదీ నిజమే. ఆయనకు నోరే ఊకుండదు. చేతులు అసుంటియి కావు."

అది 1964 వేసవి. రైసుమిల్లు రాజమల్లు సేటు, కొత్త కారు కొన్న ఒక బట్టల వ్యాపారిని తన పాత కారుతో వర్ధన్నపేట దాకా ఓడిస్తానని బజారంతా చాటాడు. ఆపరేషన్లలో మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ గ్యాసును ఇంజనుకు పట్టిస్తే బండి ఉరుకుతుందని ఎక్కడో చదివి, ప్రభుదాసు చేత డిక్కీలో సిలిండరు బిగింపించుకున్నాడు. పందెం రోజు ఇంజను పట్టేసి, వెనుక చక్రాలు ఒక్కసారిగా నిలిచిపోయి, కారు కల్వర్టు కింద పడింది. సేటు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు.

ఇంజను విప్పిస్తే ఒక పిస్టను నెత్తిన చిల్లు కనిపించింది. దాని అంచులు మైనంలా కారి గడ్డకట్టాయి. బానెట్ లోపల గ్యాసు గొట్టం చివర ఒక ఇంజెక్షను సూది బిగించి ఉంది. దాని మొదట్లో చెక్కిన అంకెను సుందర్ రావు భూతద్దంతో చూశాడు. పదహారు.

"బీఎస్సీ చదివినవు కద యాకయ్యా. ఈ గ్యాసు మండుతదా?"

"మండదు సార్. దాంట్ల ఉన్న ఆక్సిజన్ పెట్రోలును జోరుగ మండిస్తది."

"గ్యాసు ఎక్కువై, పెట్రోలు చాలకపోతే?"

యాకయ్య పిస్టను వైపు చూశాడు. "వేడి పెరిగి లోహమే కరుగుతది సార్."

ఠాణాలో ప్రభుదాసు చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంజను ఎంత తట్టుకుంటదో దానికో హద్దున్నది సార్. గ్యాసు సన్నగ పోవాలని గొట్టానికి ఇరవై నంబరు సూది పెట్టిన. పది లెక్కపెట్టి బంద్ చెయ్యమన్న. మూడుసార్లు నడిపి చూసిన, ఏం కాలే."

"ఇంకా జోరు కావాలని సేటు అడగలేదా?"

"అడిగిండు. ఇరవై నాలుగు పెడ్దునేమో గని, భయమైంది."

"సిలిండరు తెరిచింది ఎవరు?"

"దాని చావి కాంపౌండర్ సాబ్ దగ్గరనే ఉంటది. పందెం పొద్దుగాల కూడ ఆయనే వచ్చి తెరిచిండు. నేను టైర్లకు గాలి కొడుతున్న."

దవాఖాన వెనుక క్వార్టర్లో కాంపౌండర్ వెంకటేశ్వర్లు తొణకకుండా జవాబులిచ్చాడు. "సేటు మా దవాఖానకు చందాలిచ్చే మనిషి. ఆరో తారీకున అడిగిండు, ఇచ్చిన. ఉన్నది అదొక్కటే. పట్నం నుంచి ఇంకోటి పదో తారీకున వచ్చింది." గోడ మీద ఒక స్త్రీ ఫోటోకు దండ వేసి ఉంది. దాని కింద అదే నెల ఎనిమిదో తారీకు రాసి ఉంది.

"మా శారద," అన్నాడతను, అడగకుండానే.

సాయంత్రం మిల్లు షెడ్డులో అందరూ కూడారు. సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రభుదాసును తీసుకొచ్చాడు. సుందర్ రావు బల్ల మీద అంకెలు వేసిన కాగితపు పొట్లాలు పరిచాడు.

"ప్రభుదాసూ, ఇరవై కంటె పెద్ద చిల్లున్న సూది తియ్యి."

ప్రభుదాసు తడుముకోకుండా ఇరవై నాలుగు తీశాడు. పొట్లం విప్పితే వెంట్రుకంత సూది బయటపడింది. అతను తెల్లబోయాడు.

"కార్బొరేటర్ల పెట్రోలు పోయే జెట్టుకు నంబరు పెరిగితే చిల్లు పెరుగుతది. సూదికి తలకిందులు. ఈయన ఠాణాలో కూడ ఇరవై నాలుగే అన్నడు. పగబట్టినా సన్నసూదే పెడుతుండె, సేటు బతుకుతుండె. కారుల దొరికింది పదహారు. చిల్లు వెడల్పు రెండింతలు, గ్యాసు నాలుగింతలు. అది పెట్టినోనికి సూదుల లెక్క తెలుసు, ఆ పొద్దున కారు దగ్గర పని ఉండె." సుందర్ రావు గొంతు తగ్గించాడు. "ఆరుకు గ్యాసు పోయింది. పదికి వచ్చింది. నడుమ ఎనిమిది. చెప్పు వెంకటేశ్వర్లూ."

"ఏడో తారీకున శారదకు కడుపునొప్పి లేచింది," అన్నాడు వెంకటేశ్వర్లు. "ఈథర్ ఆమె ఊపిరికి పడదు, గ్యాసు రాంగనే కోస్త అన్నది డాక్టరమ్మ. సిలిండరు తిరిగియ్యమని సేటు కాళ్లు పట్టుకున్న. నాలుగు దినాలు ఓర్సుకోరాదా అని నవ్విండు. గ్యాసు మీద అంత ఆశపడ్డడు కద. కడుపు నిండ ఇచ్చిన."

ఏసమ్మ లేచి అతని ఎదుట నిలబడింది. "నీ పెండ్లాం కోసం నా మొగున్ని ఉరికి పంపుతవా?"

అంతవరకు వంగని అతని తల అప్పుడు వంగింది.

సంకెళ్లు చేతులు మారాయి. ఏసమ్మ భర్త చెయ్యి పట్టుకుని, వెనుదిరగకుండా నడిచిపోయింది. ఆ రాత్రి రిపోర్టు రాస్తూ యాకయ్య చివరి పుటలో ఆగాడు. ఠాణా కాగితాల్లో సేటు ఉన్నాడు, కారు ఉంది, సూది నంబరు కూడా ఉంది. ఒక్క పేరు లేదు. అతను దానిని తన చేత్తో రాసి, కింద గీత గీశాడు.

చదివినవారు ఆమెను గుర్తుంచుకోండి. శారద. ఆపరేషనుకని నర్సు రెండు జడలు అల్లితే, గ్యాసు వస్తుందని రెండు రోజులు వాటిని విప్పనివ్వలేదు.