కొండ కడుపులో వరిపొట్టు

పెట్టె అడుగున పరిచిన పాత వార్తాపత్రికను ఎత్తగానే, దాని కింద మడిచిపెట్టిన పసుపుపచ్చని కాగితం ఒకటి కనబడింది. సుభాషిణి దాన్ని చిరగకుండా రెండు వేళ్ళతో విప్పింది. పెన్సిలుతో గీసిన పటం అది. మూడు కొండలు, వాటి నడుమ ఒక వాగు. ఆ వాగు మూడో కొండ పాదంలోకి దూరి మాయమయ్యే చోట గుండ్రటి నల్లమచ్చ, పక్కనే ఏవో రెండు చైనా అక్షరాలు.

"లూ మాస్టారూ, ఒకసారి ఇలా రండి," అని పిలిచింది.

లూకు డెబ్బై ఏళ్ళు. ఆ చిన్న ఊరి మ్యూజియాన్ని నలభై ఏళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇది హువాంగ్ రాత. ఈ పెట్టెలోని కుండపెంకులన్నీ తవ్వి తెచ్చింది అతనే. ఏ గుహలో దొరికాయో చెప్పకుండానే పోయాడు." ఆ రెండక్షరాల మీద వేలు ఆనించి చదివాడు. "పొయ్యి. పొట్టు."

సుభాషిణిది కోనసీమ. వరి పండించే ఇంట్లో పుట్టి, వరి పుట్టుక మీదే పరిశోధన చేస్తూ, దక్షిణ చైనాలోని ఈ సున్నపురాతి కొండల మధ్యకు వచ్చి పదేళ్ళయింది. ఆరేళ్ళ క్రితం ఇదే పెట్టెలోని ఒక కుండపెంకులో, మట్టిలో కలిసి కాలిన వరిపొట్టు ఒకే ఒక్కటి ఆమెకు దొరికింది. దాన్ని ఆధారం చేసుకుని ఆమే, లూ మాస్టారూ కలిసి ఒక వ్యాసం రాశారు. ఈ లోయలోని రాతియుగపు మనుషులు పదివేల ఏళ్ళ కిందటే అడవివరిని మచ్చిక చేసి పైరువరిగా మార్చుకున్నారని అందులో తేల్చి చెప్పారు. ఆ వ్యాసమే ఆమెకు పేరు తెచ్చింది, ఉద్యోగం ఇచ్చింది. ఒక్క గింజతో చరిత్ర రాస్తారా అన్న ఎత్తిపొడుపునూ తెచ్చిపెట్టింది. ఆ పెంకు ఎక్కడిదని అడిగినప్పుడల్లా ఆమె దగ్గర జవాబు లేకపోయేది.

"వానలు ముదరకముందే వెళ్ళాలి," అన్నాడు లూ. "నేనూ వస్తాను. నన్ను వద్దనకు."

నాలుగో రోజు పొద్దున నలుగురు అడవిలో అడుగుపెట్టారు. ముందు నడిచింది పాన్ అక్క. యావో తెగ మనిషి, యాభై అయిదేళ్ళుంటాయి. కొండల్లో మూలికలు ఏరి అమ్ముకుంటుంది. వెనక తాడుచుట్ట భుజాన వేసుకుని తాతబ్బాయి నడిచాడు. రాజోలు దగ్గరి పల్లెవాడు. గుహల్లోకి దిగి, కొలతలు తీసి పటాలు గీయడం అతని వృత్తి. ఇలాంటి పనికి నమ్మకమైన మనిషి కావాలని సుభాషిణి అతన్ని నిరుడే ఊరినుంచి పిలిపించుకుంది.

వెదురుపొదలు భుజాలను గీరుతున్నాయి. రాళ్ళ మీది నాచు బూటు కింద సబ్బులా జారుతోంది. కాలి మడమలకు జలగలు పట్టాయి. మధ్యాహ్నానికి ఆకాశం కనబడనంత దట్టమైన చెట్ల కిందనుంచి బయటపడేసరికి, ఎదురుగా మూడో కొండ నిటారుగా నిలబడి ఉంది. దాని పాదంలో మనిషెత్తు బిలం. వాగు చప్పుడు లేకుండా అందులోకి పోతోంది.

పాన్ అక్క దోసిట్లో నీళ్ళు తీసుకుని చూసింది.

"ఇప్పటికి తేటగానే ఉంది. నీళ్ళు ఎర్రబడ్డాయంటే పైన ఎక్కడో వాన దంచుతున్నట్టు లెక్క. నేను కేకేస్తాను. కేక వినబడగానే చేతిలో ఏముంటే అది పడేసి రావాలి. ఈ దారి ఒకసారి మునిగితే నెల్లాళ్ళు తెరుచుకోదు."

"సరే, పాన్ అక్కా," అంది సుభాషిణి. అప్పుడామె మనసు ఆ మాట మీద లేదు.

లోపల నూరడుగులు నడిచాక గుహ కప్పు కిందికి వాలింది. అక్కడినుంచి ఇరుకైన సొరంగం. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, కప్పు తలకు తగులుతోంది. తాతబ్బాయి గోడకు మేకులు దిగ్గొట్టి, వాటి రింగుల్లోంచి తాడు పోనిస్తూ ముందు సాగాడు. తాడు ఇవతలి కొస దగ్గర పాన్ అక్క నిలబడింది. లూ తాడును రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ సొరంగం దాటాడు. ఆయనకు ఈత రాదన్న సంగతి సుభాషిణికి అప్పుడే తెలిసింది.

సొరంగం దాటాక నేల కాస్త ఎత్తుకు లేచి, విశాలమైన గదిలా విచ్చుకుంది. టార్చి వెలుగు గోడలమీద పాకుతూ ఒక మూల ఆగింది. పైనుంచి ఊడిపడిన బండ కింద, సున్నపు పెచ్చు కప్పుకున్న గుండ్రటి రాళ్ళ వరస. అది పొయ్యి. దాని పక్కన పగిలిన కుండ ఒకటి పక్కకు ఒరిగి ఉంది.

లూ మోకాళ్ళ మీద కూలబడి ఆ కుండ అంచు మీద అరచెయ్యి ఉంచాడు.

ఫొటోలు తీశాక సుభాషిణి పెచ్చును కొద్దికొద్దిగా ఒలిచింది. కింద నల్లటి బూడిద, అందులో మాడిన వరిపొట్టు, ఒకటీ రెండూ కాదు, గుప్పెళ్ళకు గుప్పెళ్ళు. ఆమె బూడిదను ఎత్తి నీళ్ళు దూరని పెద్దసంచిలోకి నింపసాగింది. సంచి సగం నిండాక ఆత్రం ఆపుకోలేక ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని భూతద్దం పెట్టింది.

గింజ కంకిని అంటి ఉండే మొదలులో ఉంటుంది గుట్టంతా. మనిషి మచ్చిక చేసిన వరి కంకిని పట్టుకుని వదలదు. నూర్చితే తప్ప ఊడదు కాబట్టి అక్కడ చిరిగిన గరుకు మచ్చ మిగులుతుంది. అడవివరి పండగానే తనంతట తానే రాలిపోతుంది. దాని మచ్చ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. పెంకులో దొరికిన ఆ ఒక్క పొట్టు మచ్చను వాళ్ళిద్దరూ గరుకుగానే లెక్కగట్టారు.

మొదటి పొట్టు మచ్చ నున్నగా ఉంది. రెండోదీ అంతే. ఆమె పదకొండు చూసింది. పదకొండూ నున్నగానే ఉన్నాయి.

"ఏం కనబడింది?" అని లూ వెనకనుంచి అడిగాడు. ఆ గొంతులో ఆరేళ్ళ ఎదురుచూపు ఉంది.

"వెలుతురు చాలడం లేదు మాస్టారూ. ల్యాబుకు వెళ్ళాక చూద్దాం." ఆ అబద్ధం ఆమె నోటినుంచి తేలిగ్గానే వచ్చింది.

సరిగ్గా అప్పుడే సొరంగంలోంచి కేక వినబడింది. "ఎర్రబడ్డాయి. వచ్చేయండి!"

తాతబ్బాయి పరుగున వెళ్ళి చూసి అంతే వేగంగా తిరిగొచ్చాడు. "సొరంగంలో కప్పుకీ నీళ్ళకీ మధ్య జానెడు కూడా లేదండి. మనిద్దరం వెల్లకిలా ఈదుకుంటూ పోగలం. పెద్దాయన్నెలాగండి?"

ఎర్రనీళ్ళు గది అంచు ఎక్కి, పెచ్చు ఒలిచిన పొయ్యివైపు పాకుతున్నాయి. లూ గోడకు చేరగిలబడ్డాడు. "మీరు వెళ్ళండి. ఆ సంచి జాగ్రత్త," అన్నాడు.

"సంచి," అన్నాడు తాతబ్బాయి, దాన్నే చూస్తూ. "మేడమ్ గారూ, ఆ మట్టి పారబోసి గాలి ఊది మూతి కట్టేద్దామండి. ఆయన మెడకింద పెడితే మొహం పైకి తేలి ఉంటాది. నేను లాక్కుపోతాను. ఇంకో దారి లేదండి."

"వద్దు. అందులో మన పనంతా ఉంది," అన్నాడు లూ. ఆ ఇద్దరి తెలుగూ ఆయనకు రాదు, అయినా ఏం మాట్లాడుకుంటున్నారో తెలిసిపోయింది.

సుభాషిణి సంచిని తలకిందులు చేసింది. నల్లటి బూడిద నేలమీద కుప్పగా పడింది. ఆ క్షణంలో ఆమె గుండెలోంచి ఏదో బరువు దిగిపోయింది. అది మాస్టారు బతుకుతారన్న ఊరట కాదని, మరొకటని ఆమెకు తెలుసు. ఇంకాసేపట్లో ఈ పొట్టంతా నీళ్ళలో కలిసిపోతుంది. పదకొండు గింజలనూ చూసిన కళ్ళు తనవి మాత్రమే. ఒక ప్రాణం కాపాడటానికి పారబోసింది గనక ఆమెను ఎవరూ వేలెత్తి చూపరు. పెంకు అలాగే ఉంటుంది, వ్యాసం అలాగే ఉంటుంది. పైగా గుహ ఉందనడానికి ఫొటోలు కూడా ఉన్నాయి.

తాతబ్బాయి బుగ్గలు పూరించి సంచిలోకి గాలి ఊదుతున్నాడు. నీళ్ళు కుప్ప అంచును తాకాయి. నల్లటి నురగ ఒక పాయలా జారిపోయింది.

ఆమె కాసేపు కదలకుండా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఒక్కసారిగా వంగి, జేబులోని చిన్న గాజుసీసా తీసి, కుప్ప నడుమ గుచ్చి నింపి, మూత బిగించి, కోటు లోపలికి తోసేసింది.

"పదండి," అంది.

సొరంగంలో నీళ్ళు మంచులా ఉన్నాయి. తాతబ్బాయి ఒక చేత్తో తాడునూ, రెండో చేత్తో, గాలిసంచి మీద తల ఆనించిన లూ కాలరునూ పట్టుకున్నాడు. సుభాషిణి వెనకనుంచి ఆయన నడుముకింద చెయ్యి వేసి పైకెత్తుతోంది. ముక్కులు కప్పుకు గీసుకుంటున్నాయి. సగం దూరంలో ఒక అల వచ్చి ముగ్గురి మొహాలనూ ముంచింది. లూ గిలగిలా కొట్టుకున్నాడు. ఆయన మోచెయ్యి తగిలి ఆమె హెల్మెట్ లైటు పగిలిపోయింది. చీకట్లో నోరు తెరిస్తే నీళ్ళు. పట్టు తప్పుతోందనుకున్న క్షణాన తాడు ముందుకు గుంజుకుంది. అవతల పాన్ అక్క బండకు కాళ్ళు తన్నిపెట్టి, తాడును నడుముకు చుట్టుకుని, అరుస్తూ లాగుతోంది.

నలుగురూ బిలం బయట రాళ్ళమీద పడ్డారు. వాన ధారగా కురుస్తోంది. పాన్ అక్క అరచేతులు తాడు ఒరిపిడికి తోలూడి ఎర్రగా ఉన్నాయి. ఆమె వాటిని వానకు చాపి నిలబడింది.

దగ్గు ఆగాక లూ అడిగాడు. "అంతా పోయినట్టేనా?"

అవునంటే అయిపోతుంది. సుభాషిణి పెదవుల దాకా ఆ మాట వచ్చింది. కానీ ఆమె కోటులోంచి సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పోలేదు మాస్టారూ. లోపల నేను మీతో అబద్ధం చెప్పాను. వెలుతురు చాలింది. పదకొండు గింజల పొట్టు చూశాను. పదకొండూ నున్నగానే ఉన్నాయి."

లూ సీసాను కళ్ళముందు తిప్పుతూ, "సాగు మొదట్లో వాళ్ళు విత్తింది కూడా అడవివరే అయ్యుండొచ్చు," అన్నాడు నీరసంగా. "అప్పుడూ మచ్చలు నున్నగానే ఉంటాయి."

"ఉండొచ్చు. కానీ మనం రాసింది అది కాదు. మచ్చిక చేశారని రాశాం. ఇక్కడి పొట్టు ఆ మాట అనడం లేదు."

ఆయన మొహం తిప్పుకున్నాడు. దిగే దారిలో ఎవరి ఆసరా తీసుకోలేదు. ఆయన వీపు చూస్తూ నడుస్తుంటే, ఒక పెద్దమనిషి ఆరేళ్ళ ఆశను తన చేత్తో చిదిమేశానని సుభాషిణికి అనిపించింది. అయినా జరిగింది తప్పనిపించలేదు. అదే ఆమెకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

సాయంత్రం పాన్ అక్క ఇంట్లో, తడి బట్టలు మార్చుకుని, సుభాషిణి కాగితం తీసుకుంది. వ్యాసం అచ్చువేసిన పత్రికవాళ్ళకు ఇంగ్లీషులో ఉత్తరం మొదలుపెట్టింది. "మేం రాసింది తప్పు," అన్న వాక్యం దగ్గర ఆగి, "మేం" కొట్టేసి "నేను" అని రాసింది.

వెనకనుంచి లూ వచ్చి నిలబడ్డ సంగతి ఆమె గమనించలేదు. ఆయన వంగి, ఏం కొట్టేసి ఏం రాసిందో అడిగి తెలుసుకున్నాడు.

"మళ్ళీ 'మేం' అని దిద్దు," అన్నాడు. "కింద ముందు నా పేరు రాయి. నీకన్నా పెద్దవాణ్ణి."