రెండో సమీకరణం

1979. నంద్యాల రైల్వే స్టేషన్. విగ్రహాల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ రాజరత్నం పక్కన చీఫ్ వరదరాజులు కూర్చుని పేపరు విప్పాడు.

"నల్లరాయి దొరుకుతుందా?"

"ఆళ్లగడ్డలో దొరుకుతుంది."

కోడ్ కలిసింది. చీఫ్ గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠా ఆళ్లగడ్డ సబ్‌స్టేషన్‌లో బాంబు పెట్టింది. ఆపరేటర్ యేసుదాసు కుర్చీ కింద. అతను లేస్తే పేలుతుంది. మన ఎలక్ట్రికల్ ఎక్స్‌పర్ట్ అమృతవల్లిని తీసుకెళ్లు. ఒక్క మాట. మనలో ఎవరో అమ్ముడుపోయారు."

అమృతవల్లి నల్ల గాగుల్స్, సెంటు వాసనతో జీపెక్కింది. ఆళ్లగడ్డలో దిగాక రాజరత్నం జీపు తాళం తన జేబులోనే వేసుకున్నాడు.

"ఏందప్పా, పెండ్లికి వచ్చినట్ల వస్తాండారు?" అన్నాడు యేసుదాసు కుర్చీలోంచి కదలకుండా. "పొద్దున్నించి ఈడనే కూర్చోనుండా."

కుర్చీ కింద కాయిల్, కెపాసిటర్, టైమర్. ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. కరెంటు పారే తీగను తెంచితే పేలుడు. పారని తీగను తెంచితే టైమర్ ఆగి బాంబు మొత్తం పనికిరాకుండా పోతుంది. మీటరు ఆనించినా ప్రమాదమే. లెక్క కట్టాల్సిందే.

భాగాల మీదున్న విలువలు చూసి అమృతవల్లి గోడమీద సుద్దతో రాసింది. ఎర్ర తీగ కరెంటు I₁, నల్ల తీగది I₂, j ఊహాసంఖ్య గుర్తు.

(3 + j4) I₁ − j4 I₂ = 10
−j4 I₁ + (j4 − j4) I₂ = 0

"I₂ సున్నా. I₁ పరిమాణం రెండు ఆంపియర్లు. నల్లది కత్తిరించండి. నేను జీపు దగ్గరుంటాను."

ఆమె బయటికి నడిచింది. రాజరత్నం కట్టర్ ఎత్తి ఆగాడు. జవాబును రెండు సమీకరణాల్లోనూ వేసి సరిచూడకపోతే కాలేజీలో మార్కులు కోసేవారు. మొదటిదాంట్లో వేశాడు. సరిపోయింది. రెండోదాంట్లో సున్నా రావలసిన చోట పరిమాణం ఎనిమిది వచ్చింది.

"గడియారం చూస్తాండావా అన్నా?"

"చూస్తున్నా. కదలొద్దు."

రెండోదాంట్లో కాయిల్ j4ను కెపాసిటర్ −j4 కొట్టేసింది. I₂ ఎగిరిపోయింది. మిగిలింది I₁ ఒక్కటే. అది సున్నా కాక తప్పదు. కరెంటంతా నల్ల తీగలోనే తిరుగుతోంది.

ఎర్ర తీగ కత్తిరించాడు. టైమర్ ముల్లు చివరి గీత ముందు నిలిచిపోయింది.

బయట తాళం లేక కదలని జీపులో అమృతవల్లిని సబ్‌స్టేషన్ కాపలా కానిస్టేబుళ్లు రాజరత్నం కేక విని పట్టుకున్నారు.

"మొదటినుంచీ నా మీద అనుమానమేనా?" అందామె.

"అందరి మీదా మేడమ్."

లోపలికొచ్చి చూస్తే యేసుదాసు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

"అయిపోయింది. లే అన్నా."

"అట్లనా? అయితే నువ్వొచ్చి ఈడ కూర్చోప్పా. అప్పుడు లేస్తా."