ఫ్రీజర్‌లో మూడో సీసా

1997 జూన్ 18, బుధవారం. ఉదయం ఎనిమిది నలభై.

మిర్యాలగూడలోని ఆ నర్సింగ్ హోమ్ ఫ్రీజర్‌లో మూడు సీసాలుండాలి. రెండే ఉన్నాయి.

పోయింది నగలు కాదు, మందులూ కాదు. సోమన్న అనే గొర్రెల కాపరి కడుపులోంచి సోమవారం కోసి తీసిన క్యాన్సర్ గడ్డ. ఎస్సై బిక్షపతి పదకొండేళ్ల సర్వీసులో ఇలాంటి ఫిర్యాదు రాసుకోలేదు. దీన్ని కూడా ఎత్తుకెళ్లేవాళ్లుంటారా అని విసుక్కున్నాడు.

ఫిర్యాదు ఇచ్చింది ఆపరేషన్ చేసిన డాక్టర్ శంకరయ్య. ఆ సీసా ఆ రోజే హైదరాబాద్ ల్యాబ్‌కు వెళ్లాలి.

"దాంతో ఏం పని, సార్?"

"స్టెమ్ సెల్ ఫ్యాక్టర్ అని ఒక ప్రోటీన్ ఉంది. కొత్త రక్తకణాలు పుట్టడానికి ఒంట్లోనే తయారవుతుంది. కొన్ని కడుపు గడ్డలు దాన్ని సొంతంగా తయారు చేసుకుని, దాంతోనే పెరుగుతున్నాయని నా అనుమానం."

తర్వాత అసలు మాట చెప్పాడు.

"కోసిన అంచుల్లో జబ్బు మిగిలిందా లేదా అన్నది కూడా ఆ ముక్కే చెప్పాలి. మిగిలితే సోమన్నకు మళ్లీ ఆపరేషన్."

అంటే ఒక మనిషి బతుకు ఆ సీసాలో ఉంది. బిక్షపతికి విసుగు పోయి దిగులు పట్టుకుంది.

మొదటి అనుమానం కాంపౌండర్ కాటయ్య మీద. ఆదివారం డాక్టర్‌తో గొడవపడి పని మానేశాడు. కానీ మంగళవారం నుంచి కోదాడలో చెల్లెలి ఇంట్లోనే ఉన్నాడని అక్కడి పోలీసులు ఫోన్‌లో తేల్చేశారు.

మిగిలింది నర్స్ పద్మ. ఫ్రీజర్ తాళం ఆమె దగ్గరే ఉంటుంది.

"ఆఖరిసారి ఎప్పుడు చూసినవ్?"

"పొద్దున ఆరుంబావుకు, సార్. మూడూ ఉన్నయి."

"తాళం వేసినవా?"

పద్మ తలవంచుకుంది. తాళం చెవి ఫ్రీజర్‌కే వదిలేసి వార్డుకు పరిగెత్తానని ఒప్పుకుంది.

"ఏ సీసా ఎవరిదో ఎట్ల తెలుస్తది?"

"ఇంగ్లీషుల నంబర్లుంటయి, సార్. రిజిస్టర్ సూడాలె. సోమన్న సీసాకైతే మెడకు నల్ల ఉన్ని దారం ఉండె. ఆపరేషన్ అయినంక ఇంటోళ్లకు గడ్డ సూపిస్తం గద. అప్పుడు ఆయన భార్య కట్టింది. దిష్టికేమో అనుకొని ఊకున్న."

రిజిస్టర్ డాక్టర్ బీరువాలో భద్రంగా ఉంది. బీరువా తాళం ఎవరూ తియ్యలేదు.

సాయంత్రం నాలుగు పది. వార్డు బయట వరండాలో డాక్టర్, పద్మ, సోమన్న భార్య రేణుకమ్మ. బిక్షపతి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"రిజిస్టర్ ముట్టకుండానే సరైన సీసా పోయింది. తీసిన మనిషి నంబర్ చదవలే. దారం చూసింది. నేను నేరేడుచర్ల స్టేషన్ల ఉన్నప్పుడు గొర్రెల దొంగతనం కేసులు చేసిన. మందలు కలిస్తే తమ జీవాన్ని గుర్తుపట్టనీకి మెడకు గిట్లనే కడతరు. అది దిష్టిదారం కాదు, గుర్తు."

రేణుకమ్మ తడుముకోలేదు.

"నేనే తీసిన, సారూ."

ఆ పొద్దున సీసా తీసుకుని ఏడు గంటల బస్సెక్కి ఊరికి పోయింది. పదకొండున్నరకల్లా తిరిగొచ్చింది. మందలో జీవం కడుపు జబ్బుతో చస్తే కోసి చూసి, చెడిన భాగాన్ని ఉప్పూ సున్నమూ పోసి లోతుగా పూడ్చడం వాళ్ల పద్ధతి. లేకపోతే జబ్బు మందను వదలదని నమ్మకం. గడ్డను కూడా అలాగే పూడ్చింది.

"డాక్టర్ సారు నర్సమ్మతోని అంటుంటె విన్న. ఆ గడ్డ తన మేత తానే చేసుకొని పెరుగుతదట. గసుంటిదాన్ని సల్లగ దాసిపెడితే ఊకుంటదా? అది ఉన్నన్ని దినాలు మా ఆయనను ఇడ్సిపెట్టదనుకున్న."

తవ్వి తెస్తే పనికొస్తుందా అని బిక్షపతి అడిగాడు. శంకరయ్య తల అడ్డంగా ఊపాడు. సున్నం, పైగా జూన్ ఎండ. ఇక అందులో చూడటానికి ఏమీ మిగలదు.

"మొత్తం ఒకే సీసాల ఎందుకు పెట్టిండ్రు, సార్?"

"అంచు ముక్కలు వేరే తీసి మందునీళ్లలో పెట్టాలి. పరిశోధనకు మొత్తం పంపాలన్న ఆశతో పెట్టలేదు." డాక్టర్ రేణుకమ్మను చూపించాడు. "ఈమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కేసు వద్దు, ఎస్సై గారూ."

బిక్షపతికి ఇద్దరి మీదా కోపమొచ్చింది. ఇద్దరి మీదా జాలి కూడా కలిగింది.

రేణుకమ్మ వాళ్ల ముఖాలు మార్చి మార్చి చూసింది.

"గయితే ఇగ మా ఆయనకు నయమైనట్టేనా, సారూ?"

శంకరయ్య ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఏ సంగతి తెలుసుకోవడానికి ఆ ముక్క కావాలో, ఇప్పుడెందుకు తెలియదో, రెండు రోజుల క్రితమే చెప్పాల్సిందంతా నెమ్మదిగా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నేనే ఖరాబు చేసిన్నా?"

లోపలి నుంచి సోమన్న, ఇంటికి ఎన్నడు పంపుతారో సారును అడగమని భార్యను పిలుస్తున్నాడు.