గౌలిపురలో నల్ల స్పాంజి

మాధవ్‌కి సూటు. తనకు పేడ.

నందకిశోర్ తన కడుపుమంట బయటపడనివ్వలేదు. హుస్సేనీ ఆలంలోని సేఫ్ హౌస్‌లో చీఫ్ రామానుజం టేబుల్ మీద ఫొటో పెట్టాడు. అగ్గిపెట్టెంత నల్లటి స్పాంజి.

"సూపర్‌కండక్టర్ ఫోమ్. లిక్విడ్ నైట్రోజన్‌ల ముంచి అయస్కాంతం కింద పెడితే, తాకకుండనే యాలాడుతది. లోపల సన్నటి రేణువులున్నయ్. అయస్కాంత రేఖల్ని మేకులు కొట్టినట్టు పట్టుకుంటయ్. దీన్నే ఫ్లక్స్ పిన్నింగ్ అంటరు."

"ఎత్తుకపోయిందెవరు సార్?"

"దీక్షిత్. మన ల్యాబ్ సైంటిస్టే. ఇయ్యాల గౌలిపుర బర్రెల కొట్టంల ఫాల్కన్ అనే విదేశీ ఏజెంట్‌కి అమ్ముతుండు. వాడిది డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్, ముట్టుకోలేం. ఫోమ్ వాడి కారెక్కొద్దు. మైక్రోస్కోప్ కింద పెట్టిండంటే రేణువుల గుట్టంతా తెలిసిపోతది."

"పగిలి పేడల కలిస్తే?"

"ఫికర్ లేదు. తయారీ ఫార్ములా మనదగ్గరుంది. ఫాల్కన్‌కి దుబాసీగా మాధవ్ చొరబడ్డడు. ప్యాకింగ్‌ల డూప్లికేట్ మారుస్తడు. దీక్షిత్ సెక్రటరీగా వేదశ్రీ ఉంది. నువ్వు బ్యాకప్."

బ్యాకప్! వేదశ్రీతో మూడు మిషన్లు చేసింది తను. ఇరానీ హోటల్లో ఆమె సగం తాగి వదిలేసిన చాయ్ తాగింది తను. ఇప్పుడు ఆమె పక్కన నిలబడే యోగం మాధవ్‌ది. తన వేషం పశువులకు చూలు నిలిపే ఎదసూది వేసే గోపాలమిత్ర.

బేరానికి దీక్షిత్ గౌలిపురలోని బర్రెల కొట్టాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఎదసూది మందు నైట్రోజన్‌లోనే భద్రపరుస్తారు. అక్కడ పొగలు కక్కే క్యాన్‌ని ఎవరూ వింతగా చూడరు.

"డాక్టర్ సాబ్, మా బర్రె ఎదకొచ్చి పొద్దటిసంది ఒర్రుతున్నది. జల్ది సూది ఎయ్యండ్రి," అంది కొట్టం యజమానురాలు ఆండాలు.

"ఏస్త అమ్మా. గడ్డకట్టిన మందు కరగాలె. చెంబెడు గోరువెచ్చని నీళ్ళు తే."

చెంబు చేతికొచ్చింది. అతని కళ్ళు మాత్రం కొట్టం అవతలి మూలనే ఉన్నాయి. అక్కడ ఆకుపచ్చ పట్టుచీరలో వేదశ్రీ, సూటులో మాధవ్, దీక్షిత్, బట్టతల ఫాల్కన్. వేదశ్రీ కొంగుకు అంటిన గడ్డిపోచను మాధవ్ తీశాడు. పోనీలే అనుకున్నాడు నందకిశోర్. మాధవ్ రెండోదీ తీశాడు. రెండో గడ్డిపోచ అసలు లేనే లేదు.

దీక్షిత్ ఫోమ్‌ను నైట్రోజన్‌లో ముంచి పట్టకారుతో ఎత్తాడు. కింద అయస్కాంతం గాలిలో వేలాడింది. ఫాల్కన్ తలూపాడు. ప్యాక్ చేయడానికి మాధవ్ చెయ్యి చాచాడు.

"నో." ఫాల్కన్ అతన్ని పక్కకు నెట్టి, పట్టకారు తనే అందుకున్నాడు. క్యాన్ కూడా తనదే తెచ్చుకున్నాడు.

ప్లాన్ గంగలో కలిసింది. ఫోమ్ క్యాన్ మూతిదాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మాధవ్ వంగి వేదశ్రీ చెవిలో ఏదో గుసగుసలాడాడు. ఆమె నవ్వింది.

నందకిశోర్ ఒళ్ళు భగ్గుమంది. దేశం, డ్యూటీ ఏవీ గుర్తులేవు. నాలుగంగల్లో అక్కడికి చేరి, చెంబెడు నీళ్ళూ మాధవ్ మొహం మీదికి విసిరేశాడు. మాధవ్ చటుక్కున తల వంచాడు.

నీళ్ళు పోయి వెనక ఫాల్కన్ పట్టకారులోని ఫోమ్ మీద పడ్డాయి.

గడ్డకట్టిన స్పాంజి ఆ వేడికి టపటపా పగిలింది. పట్టు తప్పిన అయస్కాంతం ఫాల్కన్ బూటు మీద పడింది. ముక్కలన్నీ పేడగుంటలో కలిసిపోయాయి. ఫాల్కన్ బూతులు తిట్టుకుంటూ ఉత్తచేతులతో కారెక్కాడు. పారిపోబోయిన దీక్షిత్ కాలికి వేదశ్రీ కాలు అడ్డం పెట్టింది.

"ఏం సమయస్ఫూర్తి రా నీది!" అని చీఫ్ ఫోన్‌లో మురిసిపోయాడు.

నందకిశోర్ ఫోన్ పెట్టేసేదాకా వేదశ్రీ ఆగింది.

"సచ్చీ చెప్పు. గురి దేని మీద పెట్టినవ్?"

"ఫోమ్ మీదనే," అని, ఉండబట్టలేక అడిగేశాడు. "వాడు నీ చెవిల ఏం చెప్పిండు?"

"'నందుకు సైగ చెయ్, ఇగ మనకు వాడే దిక్కు. మస్తు తెలివిగల్లోడు' అన్నడు. మస్తు తెలివి అనంగనే నవ్వొచ్చింది నాకు."

నందకిశోర్‌కి ఈసారి నిజంగానే ఒళ్ళు మండింది. వీడు మంచివాడు కూడా అయి చచ్చాడా!