పసుపు తడి

జీపు గుంటలో పడి ఎగురుతుంది!

అంకారావు తల పైకమ్మీకి ఠంగున కొట్టుకుంటుంది. అతను పట్టించుకోడు.

ముందు సీట్లో చలమయ్య గారు. ఒళ్లో తుపాకీ.

"ఇంకా తొక్కు, సాహెబూ!"

"తొక్కుతున్నానండీ... ఇది రోడ్డు కాదండీ, డొంకదారండీ..."

"తొక్కమన్నానా!"

డ్రైవర్ హుస్సేన్ సాహెబ్ తొక్కుతాడు.

పొద్దు ఇప్పుడే గూకింది. ప్రత్తిపాడు వెనకబడింది. రెండు పక్కలా మిరపచేలు. లైట్ల వెలుగు పడినచోటల్లా ఎర్రటి కాయలు తళుక్కుమని మాయమవుతున్నాయి. గాలినిండా ఘాటు. జీపులో ముగ్గురి కళ్లలోనూ నీళ్లు. ఎవరివి ఘాటుకో, ఎవరివి ఏడుపుకో తెలీదు.

ఈ మధ్యాహ్నం దాకా చలమయ్య గారికి కొడుకున్నాడు.

ఇప్పుడు లేడు.

చంపింది రోశయ్య అంటున్నారు. చలమయ్య గారి పత్తి మిల్లులో పెద్ద గుమాస్తా. అంకారావుకి స్వయానా అక్క మొగుడు. వాడికోసమే ఈ జీపు. వాడికోసమే ఆ తుపాకీ.

రోశయ్య పేరు చెప్పిందెవరు?

అంకారావే!

శవం పక్కన చలమయ్య గారు అంకారావు చొక్కా పట్టుకుని ఊపేశాడు. "మిషన్ గదిలోకి ఎవడెళ్లాడ్రా?"

నోరు జారింది. "పొద్దున... మా బావ తాళం తీయడం చూశానండీ..."

అంతే. ఆయన తుపాకీ అందుకున్నాడు.

*

మిషన్ అంటే కంప్యూటర్.

చలమయ్య గారబ్బాయి పూర్ణచంద్రరావు బొంబాయిలో చదువుకొచ్చాడు. అరవై ఎనిమిది సంక్రాంతి వెళ్లగానే, అక్కడో కంపెనీ వాడేసి పక్కన పెట్టినదాన్ని లారీల మీద గుంటూరు తెప్పించాడు. బీరువాలంత బీరువాలు. జనం గేటు దగ్గర గుంపులుగా నిలబడి చూశారు. అంకారావుకి ఆ గదిలో అసిస్టెంటు పని దొరికింది.

"ఇది ఇంకా పసిబిడ్డ, అంకారావ్," అనేవాడు పూర్ణ. "ముందు తన పని తను చూసుకోవడం దీనికి నేర్పాలి. దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. ఒక్కసారి అది ఎక్కిందా... పత్తి ఆఫీసు, పొగాకు ఆఫీసు, మిర్చి ఆఫీసు, అందరికీ ఇదొక్కటే చాకిరీ చేస్తుంది!"

ఆ నేర్పేదంతా చిల్లులు పొడిచిన అట్టకార్డుల్లో ఉంది. ఇనప ట్రే నిండా కార్డులు. వరస తప్పకుండా ఒక్కొక్కటే మిషన్ మింగాలి.

ఇవాళ మొదలెట్టారు. టకటకటకటక...

సగం ట్రే మింగింది. పూర్ణ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

టక్!

ఆగిపోయింది. ఒక కార్డు లోపల ఇరుక్కుంది.

"కరెంటు తీసేయనా సార్?"

"వద్దొద్దు! తీస్తే మళ్లీ మొదటి కార్డు నుంచీ రావాలి. సాయంత్రం దీపాలవేళకి అమ్మకి చూపిస్తానని మాటిచ్చాను."

మూత ఎత్తాడు. చెయ్యి లోపల పెట్టాడు.

నీలంగా ఒక్క మెరుపు!

అంకారావు ఎగిరి మెయిన్ లాగేశాడు. అప్పటికే పూర్ణ నేల మీద ఉన్నాడు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. చూపు లేదు.

"లోపలంతా తడి!" అన్నాడు మిల్లు ఎలక్ట్రీషియను. "కార్డులు ఎవడో తడిపాడు!"

అందరికీ ఒకటే పేరు గుర్తొచ్చింది. నిన్ననే గేటు దగ్గర గుమాస్తాలందర్నీ పోగేసి రోశయ్య అరిచాడు. "అది మింగేది కార్డుల్ని కాదురా, మన కూడు! దాన్ని నడవనిస్తే నా పేరు రోశయ్యే కాదు!"

*

జేబులో ఏదో గుచ్చుకుంటోంది.

అంకారావు చెయ్యి పెట్టి తీస్తాడు. కార్డు! ఇరుక్కున్న కార్డే. పూర్ణని ఒళ్లోకి తీసుకునేటప్పుడు ఆ చేతివేళ్ల మధ్యనుంచి లాగి, చూడకుండానే జేబులో కుక్కినట్టున్నాడు.

వేళ్లకి ఏదో అంటుతోంది.

ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.



పసుపు!

చీకట్లో వేలితో తడుముతాడు. ఒక మూల... ఇంకో మూల... నాలుగు మూలలా ముద్ద పసుపు. ఇంకా పూర్తిగా ఆరలేదు.

చంపాలనుకున్నవాడు పసుపు పెట్టి చంపుతాడా?

"అయ్యగారూ! ఒక్కసారి ఇది చూడండి..."

"నోర్ముయ్! మీ బావని కాపాడదామని చూశావో... ముందు నిన్ను!"

తుపాకీ గొట్టం అంకారావు గొంతుకి తగులుతుంది. చల్లగా.

"అదుగోనండీ రోశయ్య కల్లం!" అంటాడు సాహెబ్.

చేల మధ్యన గుడిసె. అందులో దీపం. మరుక్షణం ఆ దీపం ఆరిపోతుంది.

లోపల మనిషున్నాడు!

జీపు వాగులోకి దిగుతుంది. ఇసుక. చక్రాలు గిర్రున తిరుగుతాయి... బండి కదలదు.

అంకారావు దూకేస్తాడు!

"ఒరేయ్! ఆగరా!"

ఆగడు. వాగు దాటుతాడు. గట్టు ఎక్కుతాడు. కల్లం నిండా ఎండబోసిన మిరపకాయలు. తొక్కుకుంటూ పరుగెత్తుతాడు. కాళ్ల కింద కాయలు పటపటమంటున్నాయి. గొంతులోకి మంట. దగ్గు. కళ్లు కనబడ్డం లేదు.

ముందు నేను చేరాలి. ఆయనకంటే ముందు నేను చేరాలి!

"బావా!"

గుడిసెలోంచి ఒక చెయ్యి వచ్చి మెడ పట్టుకుని లోపలికి లాగుతుంది.

"నువ్వట్రా!" రోశయ్య గొంతు. "ఏరా బావమరిదీ... నేనిక్కడున్నానని మీ కంప్యూటర్ చెప్పిందా?"

"ఎకసెక్కాలకిది టైమా! అయ్యగారు తుపాకీ పట్టుకుని వస్తున్నాడు!"

రోశయ్య చెయ్యి వదిలేస్తాడు. అంకారావు చేతికి అతని నుదుటి మీద గడ్డకట్టిన నెత్తురు తగులుతుంది.

"నేనేం చేశాన్రా? పూర్ణబాబు పోయాడని వినేలోపే కర్రలతో నా మీద పడ్డారు. నిలబడి చావమంటావా? మీ అక్కకి నెలలు నిండినాయిరా!"

"ఆ గది తాళం ఎందుకు తీశావు?"

"అమ్మగారు తీయమంది, తీశా."

"ఏ అమ్మగారు?"

"ఎంతమంది ఉన్నార్రా మనకి? వెంకటేశ్వరమ్మ గారు. గిన్నెలో పసుపు కలుపుకొచ్చింది. 'నా బిడ్డ చేసే మొదటి పని, పసుపు పెట్టకుండా ఎట్టా రోశయ్యా' అంది. కొత్త చీరకి పెట్టమా, శుభలేఖకి పెట్టమా? నేనే ట్రే దించి ముందర పెట్టా. ఏది ముందో ఏది వెనకో ఇద్దరికీ తెలీదు. ఈ చివర్నుంచి మొదలెట్టి ఒక్కో కార్డుకీ నాలుగు మూలలా పెట్టింది తల్లి. వేళ్లు లాగుతున్నాయని సగంలో ఆపింది. పూర్ణకి చెప్పొద్దు, వేళాకోళం చేస్తాడు, అని నవ్వింది కూడా..."

అంకారావు కూలబడిపోతాడు.

"ఏందిరా? ఏమైంది?"

"ఆ తడే బావా... ఆ తడే!"



బయట కాయలు పటపటమంటున్నాయి. అడుగుల చప్పుడు!

"రోశయ్యా! బయటికి రా!"

రోశయ్య చేతులెత్తి బయటికి వస్తాడు. చలమయ్య గారు తుపాకీ భుజానికెత్తి ఉన్నాడు. వెనకాల లాంతరుతో సాహెబ్. గొట్టం వణకడం లేదు. కన్నీళ్లు మాత్రం గడ్డం దాకా కారుతున్నాయి.

"నా ఇంటి అన్నం తిన్నావు కదరా."

"అయ్యగారూ, వద్దు!" అంకారావు మధ్యలోకి దూకుతాడు. కార్డు ఆయన ముక్కుకి ఆనిస్తాడు. "వాసన చూడండి! ఒక్కసారి వాసన చూడండి!"

చలమయ్య గారు కార్డుని తోసెయ్యబోతాడు.

ఆగిపోతాడు.

రోజూ అన్నం వడ్డించే చేతుల వాసన అది. పూర్ణ పుట్టకముందునుంచీ ఎరిగిన వాసన.

నాలుగు మూలల్నీ చూస్తాడు. రోశయ్య మొహం చూస్తాడు. అంకారావు మొహం చూస్తాడు.

"ఇది... ఎవరు..."



ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకి అర్థమైంది.

తుపాకీ దిగుతుంది. చలమయ్య గారు మిరపకాయల మీదే చతికిలబడతాడు. "పిచ్చిదానా... ఎంత పని చేశావే పిచ్చిదానా..." అంటూ మోకాళ్ల మధ్య తల పెట్టుకుంటాడు. గుంటూరులో పది ఆఫీసుల్ని వణికించే మనిషి... వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

చాలాసేపటికి తలెత్తుతాడు.

"ఇది తెలిస్తే అది బతకదురా."

"ఎవరికీ చెప్పమండీ," అంటాడు అంకారావు.

"రోశయ్యా... నీకేం కావాలన్నా చేస్తాను."

"నాకేం వద్దండీ. ఈ మాట నా మీంచి తీసెయ్యండి, చాలు. రేపు నా బిడ్డని హంతకుడి కొడుకు అనకూడదు."

"అననివ్వను. కరెంటు దెబ్బ అని నేనే చెప్తాను. నువ్వు మాత్రం..."

"చచ్చినా చెప్పనండీ. ఆమె నాకూ అమ్మే."

చలమయ్య గారు కార్డుని లాంతరు మంటకి అంటిస్తాడు. చిల్లులన్నీ ఒక్కసారి వెలిగి, నల్లబడి, రాలిపోతాయి.

సాహెబ్ పెద్దగా ఊపిరి వదులుతాడు. అంకారావు బావ భుజం పట్టుకుంటాడు.

"పద బావా, అక్క ఎదురుచూస్తూ ఉంటది."

అప్పుడు కనిపిస్తాయి లైట్లు!

వాగు అవతల కారు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఒక ఆడమనిషి నీళ్లూ ఇసుకా చూడకుండా పరుగెత్తుకొస్తోంది. జుట్టు ముడి విడిపోయింది. కాళ్లకి చెప్పుల్లేవు.

వెంకటేశ్వరమ్మ!

"ఏడీ వాడు? ఏడీ?"

చలమయ్య గారు లేచి అడ్డం వెళతాడు. "ఎవరూ కాదే. కరెంటు దెబ్బ. మిషన్‌లోనే ఏదో..."

"మీరు మాట్లాడకండి! ఊరంతా చెప్పింది నాకు!"

భర్తని తోసేస్తుంది. రోశయ్య మీద పడుతుంది. రెండు చేతులతో మొహం మీద, గుండెల మీద కొడుతుంది.

"నా చేత్తో పెట్టాను కదరా అన్నం! పూర్ణకి చొక్కా కుట్టిస్తే అదే గుడ్డ నీకూ కుట్టించాను కదరా! వాడు నీకేం చేశాడ్రా?"

రోశయ్య తల వంచుకుని నిలబడతాడు. ఒక్క దెబ్బకీ చెయ్యి అడ్డం పెట్టుకోడు. పెదవి పగులుతుంది.

"పసుపు పెట్టి మరీ మొదలుపెట్టించానురా... ఏ గాలీ సోకకూడదని... ఒక్కోదానికీ పెట్టానురా..."



అంకారావు నేలకేసి చూస్తాడు. సాహెబ్ మొహం తిప్పుకుంటాడు. చలమయ్య గారు పెదవి కొరుక్కుంటాడు.

"చెప్పవేంరా! మూగవాడివా? నా కడుపు కాల్చావు. నీ పెళ్లాం కడుపూ ఇట్టాగే కాలాలి! పుట్టినవాడు పుట్టినట్టే..."

"అమ్మా!"

రోశయ్య తలెత్తుతాడు.

"నన్నేమన్నా అను. నరుకు. నా బిడ్డ జోలికి రాకు!"

"వస్తాను! నీ వంశం..."

"బావా, వద్దు!" అంకారావు అరుస్తాడు.

"ఎట్టా ఊరుకోమంటావురా! లోకం చూడని బిడ్డని తిడుతుంటే ఎట్టా ఊరుకోను!" రోశయ్య ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంటాడు. "నేను కాదమ్మా! విను! ఆ తాళం ఎవరు తీయించారు? ఆ కార్డులకి ఎవరు పెట్టిన..."

ఢాం!

చేలమీద పిట్టలన్నీ ఒక్కసారి లేస్తాయి.

రోశయ్య ఆమె చేతులు ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఏదో చెప్పబోతున్నట్టు నోరు కదులుతుంది. మెల్లిగా మోకాళ్ల మీదికి వస్తాడు. తర్వాత పక్కకి.

"బావా!"

అంకారావు అతని తల ఒళ్లోకి తీసుకుంటాడు. ఇవాళ రెండోసారి. అవే కళ్లు. తెరిచే ఉన్నాయి.

పొగ వెనకాల చలమయ్య గారు. నిర్దోషి అని తెలిసిన మనిషిని కాల్చిన చలమయ్య గారు. ఇప్పుడు మాత్రం ఆయన చేతుల్లో గొట్టం గజగజా వణుకుతోంది.

"పదవే... అయిపోయింది. ఇంటికి పద."

ఆమె కదలదు.

"ఏమంటున్నాడండీ వాడు? ఎవరు పెట్టారంటున్నాడు?"



ఆమె అంకారావు ముందు కూర్చుంటుంది. అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంటుంది.

"నువ్వు చెప్పు నాయనా. నువ్వు నా బిడ్డ పక్కనే ఉన్నావు. ఎవరి వల్ల పోయాడు?"

తుపాకీ మెల్లిగా అంకారావు వైపు తిరుగుతుంది. దాని వెనకాల చలమయ్య గారి కళ్లు... చంపే కళ్లు కావు. బతిమాలే కళ్లు.

అంకారావు తుపాకీని చూడడు. ఆయన్నీ చూడడు.

తన చేతిని పట్టుకున్న ఆ వేళ్లనే చూస్తాడు. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు.

ఒళ్లో బావ తల బరువుగా ఉంది.

"మా బావేనమ్మా," అంటాడు. "మా బావే చంపాడు."