చూపు తగలని చుక్క

షెడ్డులో విమానం ఉందో లేదో తెలియాలంటే చెయ్యి చాపి తడమాలి. విమానాలకు పూత వేసే నీలవేణి తాడు పట్టుకుని నడిచి, అరచేతికి చల్లగా రెక్క తగలగానే ఆగింది. కంటికి మాత్రం అవతలి గోడే కనిపిస్తోంది. మరుగుపూత వచ్చాక సముద్రపు ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఎవరూ యుద్ధవిమానం చూసి ఎరగరు. గాలి లేనప్పుడు ఆరేసిన బట్టలు రెపరెపలాడితే, పైన ఏదో పోతోందని ఆడవాళ్ళు క్లిప్పులు సరిచూసుకుంటారు.

తొలినాటి పూత రాడార్ తరంగాలను మాత్రమే మింగేది. ఇప్పటిది వెలుగును దారి మళ్ళిస్తుంది, లోపలి చప్పుడునూ మింగుతుంది. లోపలున్నవాళ్ళకు మాత్రం బయటంతా కనిపిస్తుంది, వినిపిస్తుంది. ఒక్క బొట్టు వేస్తే ఒంటినిండా అదే పాకుతుంది. అయితే సన్నటి విద్యుత్తు తగిలితేనే మేలుకుంటుంది, అంతవరకూ ఉత్త నల్లరంగు. కాటుక దాని ముందు వెలవెలబోతుంది.

ఆ నలుపే నీలవేణి కొంప ముంచింది. ఏడాది నిండని కూతురు సంహిత కొన్నాళ్ళుగా సరిగా పాలు తాగడం లేదు.

"కాలనీ కళ్ళన్నీ దీని మీదే. నరుడి చూపుకి నాపరాళ్ళయినా పగుల్తాయి. నువ్వు పెట్టే దిష్టిచుక్క మధ్యాన్నానికే చెరిగిపోతంది అమ్మాయ్," అంది అత్త వరహాలమ్మ.

"మీ చాదస్తం మీదే అత్తయ్యా," అని నవ్వింది గానీ, తల్లి ప్రాణం ఊరుకుంటుందా? పనినుంచి తెచ్చుకున్న చేతితొడుగుకు అంటిన పూతను అగ్గిపుల్లతో తీసి పిల్ల బుగ్గన పెట్టింది. గుండె కొట్టుకోవడమంటే లోపల సన్నటి విద్యుత్తు నడవడమేనని అంత చదువుకున్న మనిషికి ఆ క్షణాన తట్టలేదు.

ఉయ్యాల ఖాళీ అయింది. కుంగిన గుడ్డ మాత్రం కదులుతోంది.

వరహాలమ్మ లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. "ఇక్కడే ఉందే. వెచ్చగా ఉంది. మరి ఏడవదేంటమ్మా?"

నీలవేణి అరచేతికి తెరిచిన చిన్న నోరు, కన్నీటి తడి తగిలాయి. "ఏడుస్తంది అత్తయ్యా. మనకే వినపడట్లా," అంది.

పూతను కడిగే మందు లోహానికే గానీ చర్మానికి పనికిరాదన్నారు డాక్టర్లు. పాత చర్మం దానంతటది రాలాలి, నెలలు పట్టవచ్చు. నీలవేణి తన చీర చెంగును పిల్ల నడుముకు ముడివేసుకుంది. నోరెక్కడుందో వేళ్ళతో వెతికి అన్నం పెట్టేది. పిల్ల ఎటువైపు ఉందో తెలియక చాలాసార్లు గోడతో కబుర్లు చెప్పేది. కొన్నాళ్ళకు అరచేతికి కన్నీటి తడి తగలడం మానేసింది. బిడ్డ అలవాటు పడిందని ఆమె సంతోషించింది.

ఒకనాటి ఉదయం స్నానానికి కూర్చోబెట్టి సున్నిపిండి రుద్దుతుంటే, చేతికింద ఏదో ఉల్లిపొరలా జారి ఊడివచ్చింది. పీట మీద సంహిత కూర్చుని ఉంది. జుట్టు మెడదాకా పెరిగింది. పళ్ళొచ్చాయి. ఆ పళ్ళు రావడం ఎవరూ చూడలేదు.

నీలవేణి ఎదురుగా కూలబడి, కళ్ళనిండా బిడ్డనే చూసింది. "అమ్మనే బంగారం. ఇటు చూడు."

సంహిత ఆ కళ్ళలోకి కాసేపు చూసింది. తరవాత, అమ్మ ఎవరిని చూస్తోందా అని, మెల్లగా వెనక్కి తిరిగి చూసింది.